విదేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకి: కౌంటర్ మీద అమ్మే 'హెర్బల్' ప్యాకెట్ల గురించి ఒక మాట

సిమ్ కార్డు, బ్యాంక్ అకౌంట్, అద్దె అగ్రిమెంట్ గురించి అందరూ చెప్తారు గానీ ఈ ప్యాకెట్ల గురించి ఎవరూ నోరు విప్పరు, అందుకే రాస్తున్నా. వచ్చిన కొన్నాళ్ళకే ఎవరో ఒకరు మీ చేతిలో ఒకటి పెడతారు, "గంజాయి కాదురా, హెర్బల్, లీగలే, షాపులోనే కొన్నా" అంటారు. మనం పడిపోయేది అక్కడే. ఈ దేశంలో రూల్స్ స్ట్రిక్ట్ కదా, కౌంటర్ మీద పెట్టారంటే ఎవరో టెస్ట్ చేసే ఉంటారులే అనుకుంటాం, పైగా ఆకు అనగానే మనకి మందే గుర్తొస్తుంది. గన్నేరు పప్పు కూడా చెట్టుదే కదా, ఉమ్మెత్త గింజలూ చెట్టువే.

స్పైస్, కె2 అనే పేర్లతో అమ్మే ఈ ప్యాకెట్లలో ఆకు పేరుకే ఉంటుంది. ఏదో ఎండిన ఆకు మీద ల్యాబ్‌లో చేసిన కెమికల్ స్ప్రే చేస్తారు, గంజాయి మెదడులో ఎక్కడ పనిచేస్తుందో ఇదీ అక్కడే పనిచేస్తుంది కానీ చాలా రకాలు దానికంటే ఎన్నో రెట్లు గట్టివి. 2008లో జర్మనీలో స్పైస్‌ని పరీక్షిస్తే జేడబ్ల్యూహెచ్-018 అనే కెమికల్ బయటపడింది, అది అమెరికాలో ఒక ప్రొఫెసర్ రీసెర్చ్ కోసం తయారుచేసింది. ఒకదాన్ని బ్యాన్ చేస్తే ఫార్ములా కాస్త మార్చి ఇంకోటి దింపుతారు, 'లీగల్' అన్నమాట వెనకున్న కథ ఇదే. 2018లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో అయితే ఇలాంటి సరుకులో ఎలకల మందు కలిసి, వంద మందికి పైగా రక్తస్రావంతో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు పోయారు కూడా.

స్ప్రే అంతటా సమానంగా పడదు, ప్యాకెట్‌లో ఒక మూల ఏమీ ఉండదు, ఇంకో మూల ముద్దగా ఉంటుంది. మా రూమ్‌లో జరిగింది అదే. ఒకే ప్యాకెట్‌లోది ఇద్దరు పొగ పీల్చారు, ఒకడు కాసేపు నవ్వి పడుకున్నాడు, రెండోవాడికి పది నిమిషాల్లో ఫిట్స్ వచ్చాయి, పళ్ళు బిగుసుకుపోయి నోటి పక్క నుంచి నురగ. ఆసుపత్రిలో యూరిన్ టెస్ట్ చేస్తే అంతా క్లీన్ అని వచ్చింది, ఎందుకంటే మామూలు టెస్టుల్లో ఇవి పట్టుబడవు, ఇంకేం తీసుకున్నాడో చెప్పండి అని డాక్టర్ మళ్ళీ మళ్ళీ అడుగుతోంది, పక్కవాడేమో వీసా భయంతో నోరు తెరవట్లేదు.

ఇలాగే 'హెర్బల్' అని అమ్మే క్రాటమ్ సంగతి వేరు, అది నిజంగానే ఒక చెట్టు ఆకు. కానీ అందులోని మిట్రాగైనిన్ అనే పదార్థం నల్లమందు పనిచేసే చోటే పనిచేస్తుంది, రోజూ వాడితే అలవాటైపోతుంది, మానేస్తే ఒళ్ళునొప్పులు, నిద్ర పట్టదు, కొందరికి లివర్ దెబ్బతింది. కావా అనే మొక్క వేరు వాడినవాళ్ళలో కూడా లివర్ కేసులున్నాయి. వేరే మందులు వాడేవాళ్ళు, మందు తాగేవాళ్ళు వీటి జోలికి అస్సలు పోవద్దు.

చట్టం కూడా దేశానికో రకం. క్రాటమ్‌ని థాయిలాండ్ 1943లో నిషేధించి 2021లో వదిలేసింది, ఆస్ట్రేలియాలో మాత్రం నిషేధమే. ఖాత్ అనే నమిలే ఆకుని బ్రిటన్‌లో 2014 దాకా మామూలుగా అమ్మేవాళ్ళు, ఇప్పుడు దగ్గరుంటేనే నేరం. అందుకని బ్యాగ్‌లో వేసుకుని బోర్డర్ దాటకండి, మనది వీసా బతుకు, ఒక్క కేసు చాలు.

ఎవరికైనా తేడా చేస్తే నిద్రపోతే తగ్గిపోతుందిలే అని వదిలేయొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి (యూరప్‌లో 112, అమెరికా, కెనడాల్లో 911), డాక్టర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ప్యాకెట్ పారేయకండి. మావాడు భయపడి చెత్తబుట్టలో పడేస్తే, అర్ధరాత్రి నేనే వెతికి తీసుకెళ్ళి డాక్టర్ చేతిలో పెట్టా, వెనక చిన్న అక్షరాల్లో 'మనుషులు వాడడానికి కాదు' అని రాసుంది.