అమ్మ కాలి బాధకు సరైన మాట దొరికింది

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. డాక్టరుగారి దగ్గర రెండూ చాలలేదు. ఆయనకు తెలుగు రాదు, నా ఒడియా కూరగాయల బేరం దాటదు. అమ్మ కాలి బాధను ఇంగ్లీషులో ‘పెయిన్’ అన్నాను. ఎలా ఉందని అడిగినా పెయినే, ఎక్కడని అడిగినా పెయినే. నొప్పి మాత్రలు రాశారు. పది రోజులైనా గుణం కనిపించలేదు.

తప్పు ఆయనది కాదు. అమ్మ నాతో చెప్పింది వేరు: “నడుము పీకుతోంది, తొడ వెనక నుంచి జివ్వున దిగుతోంది, పాదంలో చీమలు పాకినట్టుంది.” అన్నింటినీ ఒక్క మాటలో మూటగట్టింది నేనే.

ఆ రాత్రి కాగితం మీద జతలు రాసుకున్నాను. పీకుడుకు ఏక్ (ache), సలుపుకు థ్రాబింగ్, పోటుకు స్టాబింగ్, మంటకు బర్నింగ్. జివ్వున పాకేది షూటింగ్, సినిమావాళ్లది కాదు. తిమ్మిరి టింగ్లింగ్, స్పర్శ తెలియకుండా మొద్దుబారితే నంబ్‌నెస్. ఈ రెండూ నేను కలిపేసేవాణ్ణి. పిక్క పట్టేస్తే క్రాంప్. నొప్పిని అంచనా వేయడానికి 1975లో మనస్తత్వవేత్త మెల్జాక్ ప్రచురించిన మెక్‌గిల్ ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే మాటలు 78 ఉన్నాయి. మన అమ్మమ్మలను అడిగితే అంతకు తగ్గరు.

రెండోసారి షూటింగ్, టింగ్లింగ్ అనగానే డాక్టరుగారు కలం ఆపారు. అమ్మను పడుకోబెట్టి, కాలు వంచకుండా పైకెత్తి చూశారు. సయాటికా అన్నారు, అంటే నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొప్పి. మందులు మారాయి, వ్యాయామాలు చేరాయి. నెల తిరిగేసరికి అమ్మ గుడిదాకా నడిచింది. కాగితానికి పక్కింటి అత్తయ్య నకలు రాసుకున్నారు. ఆవిడకు మోకాలి సలుపు.