వరంగల్ చౌరస్తా నుంచి కొత్తవాడ మగ్గాల దాకా ఒక పూట నడక

బయల్దేరేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇక్కడ చౌరస్తాలు రెండున్నాయి. ఆటో ఎక్కి ఊరికే "చౌరస్తా" అంటే హన్మకొండ చౌరస్తాలో దింపేయవచ్చు. అది ఇక్కడికి ఆరేడు కిలోమీటర్లు. "వరంగల్ చౌరస్తా, స్టేషన్ దగ్గరిది" అని విడమరిచి చెప్పాలి. రైల్లో వచ్చేవాళ్లకూ ఇలాంటి చిక్కే ఉంది. కాజీపేట, వరంగల్ వేర్వేరు స్టేషన్లు, కొన్ని బండ్లు రెండింట్లో ఒక్కచోటే ఆగుతాయి. టికెట్ తీసేటప్పుడే చూసుకోండి.

బట్టల దుకాణాలు పదిన్నర కాకముందు సరిగ్గా తెరుచుకోవు. అందుకని పొద్దున ఏడింటికల్లా ఖిలా వరంగల్ చేరుకోండి. ఎండ ముదరకముందే కోట చూసుకుని పదింటికి స్టేషన్ దగ్గరికి తిరిగి రావచ్చు. ఆటోను రాతికోట ద్వారం బయటే ఆపించి, లోపలికి నడిచే వెళ్లండి. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తిచేయించిన ఈ గోడకు 45 బురుజులు. ద్వారంలో దారి నేరుగా పోదు, మలుపు తిరుగుతుంది. శత్రువు ఏనుగులతో, గుర్రాలతో ఒక్క ఊపున దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. బండిలో పోతే ఆ మలుపు సంగతే తెలియదు. లోపల ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉన్న చోటుకు నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు నిలబడి ఉన్నాయి. 1323లో కోట ఢిల్లీ సేనల చేతికి చిక్కింది. గుడి కూలిపోయినా తోరణాలు మిగిలాయి. తెలంగాణ రాజముద్రలో ఉన్నది వీటి రూపమే. పక్కనే ఉన్న ఖుష్ మహల్‌తో కలిపి గంటన్నర చాలు.

అసలు నడక రైల్వే స్టేషన్ ముందు మొదలవుతుంది. కాకతీయ శిల్పాన్ని తలపించే కొత్త ముఖద్వారంతో స్టేషన్‌ను 2025 మేలో ప్రారంభించారు. పొద్దున చూసిన రాతిపనితో పోల్చి చూసి ముందుకు సాగండి. స్టేషన్ రోడ్డు మీద పది నిమిషాలు నడిస్తే చౌరస్తా వస్తుంది. నడవాల్సిన చోట సరుకు పరిచి ఉంటుంది కాబట్టి తరచూ రోడ్డు మీదికి దిగాల్సి వస్తుంది. పిల్లలుంటే చెయ్యి వదలొద్దు. ఆదివారం పెట్టుకోకండి, కొన్ని హోల్‌సేల్ దుకాణాలు తెరవరు. బతుకమ్మకు ముందు వారం రోజులు చౌరస్తాలో కాలు పెట్టే సందుండదు. తంగేడు, గునుగు పూల రాశులు చూడాలనుకుంటే మాత్రం అప్పుడే రావాలి.

చౌరస్తా పక్కనే బట్టల బజార్. ఇక్కడ ఎక్కువమంది పొరపాటు పడేది హోల్‌సేల్, రిటైల్ తేడా తెలియక. హోల్‌సేల్ కొట్లో చీరలన్నీ విప్పించి చూశాక "ఒక్కటి ఇవ్వం, కట్ట తీసుకోవాలి" అంటే ఇద్దరికీ ఇబ్బందే. గుమ్మంలోనే "విడిగా ఇస్తరా?" అని అడిగేయండి. బజార్లోని వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాలనుకుంటే ముందు దర్శనం చేసుకుని తర్వాత కొనండి. చేతుల్లో మూటలతో గుడికి పోవడం కష్టం.

అక్కడినుంచి జేపీఎన్ రోడ్డు పట్టుకుని మండీ బజార్ మీదుగా పోచమ్మ మైదాన్ వైపు సాగాలి. మండీ బజార్‌లో ఇరానీ చాయ్‌కి ఆగండి. రంజాన్ నెలలో వస్తే ఈ నడకను సాయంత్రానికి మార్చుకోండి, హలీం వేళకే ఈ బజారుకు కళ. కిరాణా కొట్లలో చపాటా మిర్చి అడగండి. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది కనుక టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ కావడంతో పచ్చళ్లకు మంచి రంగునిస్తుంది. ఒక కాయ చెవి దగ్గర ఊపి చూడండి, గింజలు గలగలమనాలి. చప్పుడు రాకపోతే లోపల తేమ ఉన్నట్టే, సంచిలో బూజు పడుతుంది. ఓపిక ఉంటే మట్టెవాడలోని భోగేశ్వరాలయానికి దారి అడిగి వెళ్లండి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పన్నెండు లోపే చేరుకోవాలి.

పోచమ్మ మైదాన్ దాటాక కొత్తవాడ, దుర్రీలు (నేల మీద పరిచే నూలు జంపఖానాలు) నేసేవాళ్ల పేట. ఈ నడకంతా ఇక్కడికి రావడానికే అనుకోండి. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. 2018లో వరంగల్ దుర్రీలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. జంపఖానా అన్నా, శత్రంజీ అన్నా ఇక్కడ అర్థమవుతుంది. మగ్గాలు ఇళ్లలోనే ఉంటాయి, అడగకుండా లోపలికి పోవద్దు, ఫొటో తీయొద్దు. పరిచి ఉన్న పడుగు (నిలువు పోగులు) మీదుగా దాటొద్దు, ఒక్క పోగు తెగినా నేతగాడు పని ఆపి అతకాలి. కాసేపు నిలబడి చూస్తే పేక (అడ్డ) పోగు ఒక్కొక్కటి వేయడం, ఇనుప పళ్ల పంజాతో దాన్ని కిందికి కొట్టడం కనిపిస్తుంది. దుర్రీ గట్టితనమంతా ఆ దెబ్బలోనే ఉంది.

అందుకే కొనేటప్పుడు మొదట దాన్ని వెలుతురుకెత్తి పట్టుకోండి. చుక్కలు చుక్కలుగా వెలుగు కారితే పంజా దెబ్బ సరిగ్గా పడలేదన్నమాట, ఏడాదిలో వదులవుతుంది. పేక పడుగును పూర్తిగా కప్పేసి ఉండాలి. తర్వాత పొడవునా సగానికి మడవండి. మూలకు మూల కలవకపోతే పడుగు బిగువు ఒక పక్క తగ్గిందని అర్థం, నేల మీద పరిస్తే అంచు వంకర పోతుంది. రెండు రంగులు కలిసే చోట బొటనవేళ్లతో మెల్లగా విడదీసి చూడండి. పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటే మంచి నేత. సందు కనిపిస్తే చీపురు పుల్ల అక్కడే తగులుకుని చింపుతుంది. తడి తెల్లరుమాలుతో ముదురు రంగు మీద రుద్దండి, రంగు అంటితే వదిలేయండి. నూలేనా అన్న అనుమానం వస్తే కుచ్చులోంచి ఒక పోగు ఇమ్మని అడిగి బయట కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి గట్టి ముద్ద కడుతుంది.

గది కొలత ఇంటి దగ్గరే తీసుకుని రండి. ఇక్కడికొచ్చి కంటికి సరిపోతుందనుకుని నాలుగడుగుల వెడల్పుది తీసుకుంటే మంచం కిందికే పోతుంది. బేరమాడే ముందు నేతగాడికి పట్టిన రోజులు అడగండి, ధర ఎందుకంతో అప్పుడే తెలుస్తుంది. మడత పెట్టించకుండా చుట్టగా చుట్టించండి. తిరుగు ప్రయాణానికి పోచమ్మ మైదాన్‌లో ఆటో దొరుకుతుంది. మొదటిసారి చల్లనీళ్లలో విడిగా ఉతికి, నీడలో నేల మీద పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేలాడదీస్తే నీటి బరువుకు ఒక పక్క సాగిపోయి, కొన్నరోజు సరిగ్గా కలిసిన మూలలు మళ్లీ కలవవు.