వడ్రంగం మెషీన్లు: ఏది చవకది చాలు, ఏది కాదు

నెలకో షెల్ఫో స్టూలో చేసుకునేవాళ్లకు అన్నీ ప్రొఫెషనల్ మెషీన్లు అక్కర్లేదు. అలాగని అన్నీ చవకవి తెస్తే చెక్క వృథా. డ్రిల్లు కన్నం వేస్తుందంతే, అది ఎక్కడ పడాలో మీ చెయ్యి చూసుకుంటుంది. సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడు తిరిగే రంపం), రౌటర్ (చెక్కలో గాడులు తీసే మెషీన్) అలా కాదు. కోత తిన్నగా రావడం వాటి బేస్ ప్లేటు (చెక్క మీద ఆనే అడుగు పలక), బేరింగుల చేతిలో ఉంటుంది. అందుకే డ్రిల్లు, శాండర్ (చెక్క నునుపు చేసేది) చవకవి తీసుకోండి, మిగిలిన డబ్బు రంపం మీద పెట్టండి.

పెట్టె మీద వాట్లు చూసి మురిసిపోవద్దు. అది మోటారు లాగే కరెంటు లెక్క, బ్లేడుకు అందే బలం కాదు. రంగు మాత్రం కొంత పనికొస్తుంది: బాష్‌లో నీలం ప్రొఫెషనల్, ఆకుపచ్చ ఇంటి వాడకానికి.

షాపులో చెయ్యాల్సిన పరీక్షలు ఇవి. డ్రిల్లు చక్ (బిట్‌ని పట్టే మూతి) పట్టుకుని పక్కలకు ఊపండి, లొడలొడలాడితే వద్దు. పొడవాటి 6 మి.మీ. బిట్ బిగించి తిప్పితే కొన గుండ్రంగా ఊగకూడదు. సర్క్యులర్ సాకు బ్లేడు నిలువుగా పెట్టి, బేస్ ప్లేటుకీ బ్లేడుకీ మధ్య మూలమట్టం ఆనించండి. పళ్ల మీద కాదు, బ్లేడు ఒంటి మీద. వెలుతురు కనిపిస్తే, సర్దినా సరికాకపోతే, 18 మి.మీ. ప్లైవుడ్ అంచులు ఎప్పటికీ కలవవు. రేకు ప్లేటు ఒక్కసారి కిందపడితే వంగిపోతుంది, పోత అల్యూమినియం అంత తేలిగ్గా వంగదు. జిగ్ సాలో (సన్నటి బ్లేడు పైకీ కిందకీ ఆడే రంపం) బ్లేడు వెనక రోలర్ గట్టిగా ఉందో లేదో చూడండి. అది కదిలితే మందం చెక్కలో పైగీత తిన్నగానే ఉంటుంది, కింద మాత్రం కోత ఏటవాలుగా దిగుతుంది.

ట్రిమ్మర్ (చిన్న రౌటర్) దగ్గర చాలామంది బోల్తాపడేది కొలెట్‌తో, అంటే బిట్‌ని బిగించే గొట్టంతో. 6 మి.మీ. బిట్‌ని 6.35 మి.మీ. (పావు అంగుళం) కొలెట్‌లో పెడితే ఎంత బిగించినా జారుతుంది, గాడి లోతు మధ్యలోనే మారిపోతుంది. తప్పు మెషీన్‌ది కాదు.

బ్లేడు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 7 అంగుళాల సాకు పొడుగు కోతలకు 24 పళ్లు, ప్లైవుడ్‌కి 40 నుంచి 60. మామూలు రంపానికైనా మంచి బ్లేడు వేస్తే పని నడుస్తుంది, ఖరీదైన సాకు మొద్దు బ్లేడు వేస్తే చెక్క మాడుతుంది. పళ్లు చెక్క కిందికి 5 మి.మీ. దిగితే చాలు. పాత ఇంటి టేకు గుమ్మాలు కొంటే ముందు అయస్కాంతంతో మేకులు వెతకండి. పళ్ల బ్లేడుని యాంగిల్ గ్రైండర్‌కి (ఇనుము కోసే, అరగదీసే మెషీన్) బిగించడం మాత్రం ఎవరు చెప్పినా చెయ్యొద్దు. చెక్కలో పట్టేస్తే మెషీన్ చేతిలోంచి ఎగురుతుంది.

కొన్నరోజే ఆ మోడల్‌కి కార్బన్ బ్రష్‌ల (మోటారు లోపలికి కరెంటు అందిస్తూ అరిగిపోయే ముక్కలు) జత అడగండి. షాపువాడి దగ్గర లేకపోతే మెషీన్ కూడా అక్కడే వదిలెయ్యండి. చవక మెషీన్లలో ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్టల భాగం) కాలేది ఎక్కువగా మోటారుని నొక్కిపెట్టి నెమ్మదిగా తిప్పినప్పుడు, లోపలి ఫ్యాను గాలి చాలక. వేడెక్కితే ఆపకుండా ఓ నిమిషం ఖాళీగా తిప్పండి. ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 చదరపు మి.మీ.కి తగ్గకూడదు, చుట్ట పూర్తిగా విప్పాలి.

విశాఖలో సముద్రం దగ్గరి ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు లాంటి చోట్ల ఉప్పుగాలి ప్రొఫెషనల్ అని చూడదు. బేస్ ప్లేటుకి మైనం రుద్దండి, చక్‌కి, బ్లేడ్లకి పల్చగా నూనె రాయండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. వానాకాలంలో తడి చెక్క కోస్తుంటే కోత మూసుకుని బ్లేడుని పట్టేస్తుంది, రంపం వెనక్కి తంతుంది. కోత వెనక చిన్న చెక్క ముక్క దూర్చి కొయ్యండి, రంపం వెనక నేరుగా నిలబడకుండా ఓ పక్కకి జరగండి.