సోఫా చించే కుక్కకు జర్మన్ మాటలు నేర్పడం

ఏడెనిమిది నెలల జర్మన్ షెపర్డ్ ఉన్న ఇంట్లో సోఫా మూల చిరిగి దూది బయటపడడం, చెప్పుల జతలో ఒకటి మాయమవడం, తలుపు అంచున గోళ్ల గీతలు పడడం కొత్త విషయాలేమీ కావు. చూసినవారు ఎవరో ఒకరు జర్మన్ కమాండ్లు నేర్పిస్తే దారికి వస్తుందని సలహా ఇస్తారు. ఆ సలహాలో సగమే నిజం. జర్మన్ మాట మంత్రంలా పనిచేయదు, కానీ తెలుగు మాట్లాడే ఇంట్లో దానికి ప్రత్యేకమైన ఉపయోగం ఒకటి ఉంది. అయితే మాటల దాకా వెళ్లేముందు కుక్క ఎందుకు పాడుచేస్తోందో తేల్చుకోవాలి.

కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. సుమారు నాలుగో నెల నుంచి అవి ఊడిపోతూ, ఆరేడు నెలలు నిండేసరికి వాటి స్థానంలో 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్ల సలుపు తీర్చుకోవడానికి అది దొరికిందల్లా కొరుకుతుంది. పళ్లన్నీ వచ్చాక కూడా కొరుకుతోందంటే చాలా ఇళ్లలో కారణం పొద్దుపోకపోవడమే. 1899లో జర్మన్ సైనికాధికారి మాక్స్ ఫాన్ ష్టెఫానిట్స్ ఈ కుక్కల కోసం సంఘం స్థాపించి ఈ జాతికి రూపు దిద్దినప్పుడు ఆధారం చేసుకున్నవి రోజంతా మంద చుట్టూ తిరిగే గొర్రెల కాపరి కుక్కలు. అలాంటి జంతువును రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఉంచి, రోజుకు పది నిమిషాలు మాత్రం కిందికి తిప్పి తెస్తే, మిగిలిన సత్తువంతా సోఫా మీద చూపిస్తుంది. మూడో కారణం భయం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే, అదీ తలుపులూ కిటికీల దగ్గరే గీతలు పడుతుంటే, నేల మీద చొంగ కనబడుతుంటే, అది అల్లరి కాదు, ఒంటరిగా ఉండలేని బెంగ. పాత ఫోనును ఒక మూల నిలబెట్టి, మీరు బయటికి వెళ్లిన తర్వాత అరగంట వీడియో తీస్తే ఏది కారణమో చాలావరకు తెలిసిపోతుంది.

తిరిగి వచ్చాక చిరిగిన దిండు చూపించి కొట్టడం వల్ల ప్రయోజనం లేదు. గంట క్రితం చేసిన పనికీ ఇప్పటి దెబ్బకీ కుక్క ముడిపెట్టుకోలేదు. అది తల వంచి, చెవులు వెనక్కి వాల్చినప్పుడు తప్పు ఒప్పుకుంటోందని మనం అనుకుంటాం. 2009లో కుక్కల ప్రవర్తనను పరిశోధించే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ ప్రచురించిన అధ్యయనంలో తప్పు చేయని కుక్కలు కూడా యజమాని కోప్పడినప్పుడు అదే ముఖం పెట్టాయి. అది మన గొంతు చూసి కలిగిన జంకే తప్ప పశ్చాత్తాపం కాదు.

అందువల్ల మొదటి పని పాఠం కాదు, సర్దుబాటు. చెప్పులు తలుపున్న స్టాండులోకి, ఫోను ఛార్జర్ సొరుగులోకి వెళ్లాలి. మీ కన్ను దాని మీద లేనప్పుడు కుక్క ఒకే గదిలోనో గేటు కట్టిన వరండాలోనో ఉండాలి. కొరకడానికి దానికంటూ గట్టి రబ్బరు బొమ్మలు ఇవ్వాలి. లోపల బోలుగా ఉండే బొమ్మలో ఉప్పు వేయని పెరుగన్నం కూరి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇస్తే చాలాసేపు దానితోనే కాలక్షేపం చేస్తుంది. చిగుళ్లకూ హాయిగా ఉంటుంది. వేసవిలో ఈ జాతి కుక్కను తెల్లవారకముందే నడిపించాలి, ఎందుకంటే పది గంటలకు తారు రోడ్డు దాని పాదాలను కాలుస్తుంది. కుర్చీ కాళ్లకు కారం పూయడం కొందరు చెప్పే చిట్కా. కళ్లూ ముక్కూ మండించే ఆ పని చేయవద్దు.

ఇక భాష సంగతి. జర్మనీలో రీకో అనే బోర్డర్ కోలీ జాతి కుక్క రెండు వందలకు పైగా వస్తువుల పేర్లు నేర్చుకుందని 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ తర్వాత అమెరికాలో చేసర్ అనే మరో కోలీ ఇంగ్లిషులో వెయ్యికి పైగా నేర్చింది. భాష ఏదైనా, కుక్కకు కావలసింది ఎప్పుడూ ఒకేలా వినిపించే శబ్దం. మన ఇళ్లలో దొరకనిది అదే. కూర్చో, కూచోరా, కూర్చోమ్మా, కూర్చోండి అంటూ ఒకే క్రియ మనిషిని బట్టి మారిపోతుంది. ‘రా’ అని పిలవడం నేర్పితే మరీ కష్టం, ఎందుకంటే ‘తిన్నావురా’, ‘ఏంట్రా’ అంటూ పిల్లలతో మాట్లాడే ప్రతి వాక్యం చివరా దానికి ఆ పిలుపే వినిపిస్తుంది. ఇంట్లో ఇంకెందుకూ వాడని జర్మన్ మాటకు ఈ బెడద లేదు.

అయినా ఎంపికలో జాగ్రత్త అవసరం. వద్దు అనడానికి జర్మన్‌లో ‘నైన్’ అంటారు, కానీ ఇంగ్లిషు మీడియం పిల్లలు ఎక్కాలు వల్లించే ఇంట్లో అది రోజుకు వందసార్లు వినబడుతుంది. దానికి బదులు మన ‘ఛీ’ లాంటి ‘ప్ఫుయ్’ వాడుకోవచ్చు. కూర్చోవడానికి ‘జిట్స్’ అంటారు. మొదటి ధ్వని ‘జీరో’లో పలికినట్టుగా ఉండాలి. పడుకోవడానికి ‘ప్లాట్స్’, దగ్గరికి రావడానికి ‘హీయర్’, పక్కనే నడవడానికి ‘ఫూస్’, ఉన్నచోటే ఉండడానికి ‘బ్లైప్’, నోట్లోది వదలడానికి ‘ఔస్’, మెచ్చుకోవడానికి ‘బ్రాఫ్’. ఉచ్చారణ జర్మన్లు మెచ్చేంతగా ఉండనక్కర్లేదు, ఇంట్లో అందరిదీ ఒకేలా ఉంటే చాలు. ఈ మాటలను కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. అమ్మమ్మా, పనికి వచ్చే మనిషీ కూడా అవే అనాలి.

వస్తువులు కొరికే కుక్కకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట ‘ఔస్’. ఒకే రకం బొమ్మలు రెండు తీసుకోండి. ఒకదానితో కాసేపు లాగి ఆడించి, చేతిని పూర్తిగా కదలకుండా ఆపండి. కదలని బొమ్మ మీద కుక్కకు ఆసక్తి తగ్గుతుంది. ఒక్కసారి, మామూలు గొంతుతో ‘ఔస్’ అని, వెంటనే ఉడికించిన చికెన్ ముక్కను ముక్కు దగ్గర పెట్టండి. నోరు తెరిచిన క్షణంలోనే ‘బ్రాఫ్’ అని ముక్క ఇచ్చి, ఆ తర్వాత బొమ్మను మళ్లీ దానికే ఇచ్చేయండి. ఇలా తిరిగి ఇవ్వడమే ఈ పాఠానికి ఆయువుపట్టు. వదిలితే పోదు అన్న నమ్మకం కుదిరిన కుక్క దొరికిన చెప్పును మంచం కిందికి ఈడ్చుకుపోదు. నాలుగైదు రోజుల తర్వాత మాట అన్నాక రెండు క్షణాలు ఆగి ముక్క చూపించండి. చూపించకముందే వదలడం మొదలుపెడితే అర్థమైనట్టే. అప్పుడు పాత చెప్పుతో, పాత గుడ్డతో సాధన చేయించండి. ఒక్కో విడత ఐదు నిమిషాలు మించకుండా రోజుకు మూడు విడతలు సరిపోతాయి. వస్తువు దగ్గరికి వెళితే గుర్రుమనే కుక్క నోట్లోంచి మాత్రం చేత్తో లాగకండి; అలాంటి కుక్కకు అనుభవమున్న శిక్షకుడు అవసరం.

‘ప్లాట్స్’ను ఒక చాప మీద నేర్పడం మంచిది. మీరు భోంచేసేటప్పుడు చాప మీద పడుకుని తన బొమ్మ కొరుక్కోవడం అలవాటైతే, సోఫా జోలికి పోయే తీరిక దానికి ఉండదు. అపార్టుమెంటుల్లో ‘ఫ్లాట్స్’ అనే మాట తరచుగా దొర్లుతుంది కనుక, చేతి సైగ కూడా జతచేయండి.

బెంగతో తలుపులు గీరే కుక్క విషయంలో ఈ మాటలేవీ పనిచేయవు. భయపడుతున్నదాన్ని ‘బ్లైప్’ అని కూర్చోబెడితే భయం అలాగే ఉంటుంది. దానికి తాళాల చప్పుడు చేసి ఎక్కడికీ వెళ్లకుండా కూర్చోవడం, తలుపు అవతల పది సెకన్లు నిలబడి అది కంగారుపడకముందే తిరిగి రావడం, ఆ సమయాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచడం కావాలి. ఈలోగా దాన్ని ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోవాలి.

పెద్దయిన కుక్క ఉన్నట్టుండి కొరకడం మొదలుపెట్టినా, గుడ్డా మట్టీ మింగుతున్నా పశువైద్యుడికి చూపించండి. సాక్సు లాంటిది మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండో సాక్సు దొరికితే అదీ పట్టుకెళ్లండి, లోపలికి వెళ్లినదాని పరిమాణం వైద్యుడికి తెలుస్తుంది.