బెంగళూరు దగ్గర నంది కొండ కింద వైన్ రుచి చూడ్డానికి వెళ్తే, రాత్రికి ఎక్కడ దిగాలి?

మొదటిసారి గదిని ఫోటో చూసి బుక్ చేశాను. కిటికీ బయట పచ్చటి ద్రాక్ష తోట, బల్ల మీద రెండు గ్లాసులు. మేం వెళ్లింది అక్టోబరు మొదట్లో. కిటికీ తెరిస్తే రాతి స్తంభాలు, ఇనుప తీగలు, వాటిని పట్టుకుని నాలుగు ఎండు పుల్లలు. "ఇదేనా నీ వైన్ కంట్రీ?" అన్నాడు మా ఆయన. ఇప్పటికీ అంటూనే ఉంటాడు. పైగా ఆ రిసార్టుకీ, వైన్ తయారుచేసి రుచి చూపించే వైనరీకీ మధ్య ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు. సాయంత్రం ఆరున్నరకి వైనరీ గేటు ముందు నిలబడి గంటన్నర సేపు క్యాబ్ కోసం చూశాం. బెంగళూరు నుంచి దింపడానికి వచ్చిన క్యాబ్ సంతోషంగా వచ్చింది. అక్కడినుంచి పల్లెలోకి తీసుకెళ్లడానికి మాత్రం ఒక్కడూ ఒప్పుకోలేదు.

ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్లాం. ఇప్పుడు బెంగళూరు కుందలహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లందరికీ నేనే ట్రావెల్ ఏజెంటుని. "అక్కా, నంది వైపు మంచి రిసార్ట్ చెప్పు" అని మెసేజ్ వస్తే పేరు చెప్పను. టేస్టింగ్ ఎన్ని గంటలకి అని అడుగుతాను. అది ఖాయం కాకుండా గది వెతకడం దండగ. ముందు వైనరీకి ఫోన్ చేసి తేదీ, టైమూ తీసుకోండి. గది దాన్ని బట్టే.

ఎందుకంటే మధ్యాహ్నం మూడింటి టేస్టింగ్ అంటే, ఐదు రకాలు, ఒక్కోటి ముప్ఫై మిల్లీలీటర్ల చొప్పున పోశారనుకుందాం. గుక్కెడు గుక్కెడే కదా, తాగినట్టే ఉండదు. కూడితే నూట యాభై, నిండు గ్లాసు. మన చట్టం ప్రకారం బండి నడిపేవాళ్ల రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటకూడదు. ఆ ఒక్క గ్లాసుతోనే చాలామంది దాటేస్తారు. మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేకపోతే రెండూ. అందుకని నా లెక్క ఇది: వైనరీ నుంచి గదికి ఇరవై నిమిషాలు దాటకూడదు. దాటితే రిసార్టు వాళ్లే కారు పంపాలి, ఆ మాట వాట్సాప్‌లో రాసి ఇవ్వాలి. అదీ కాదంటే మనలో ఒకరు తాగకూడదు. మా గ్రూపులో ఆ ఒకరు ఎప్పుడూ నేనే, అందుకే ఇన్ని లెక్కలు గుర్తున్నాయి.

ఇక ఏ వైపు దిగాలి? పటం ఒకసారి బుర్రలో పెట్టుకోండి. ఈ ప్రాంతపు పాత పెద్ద వైనరీ గ్రోవర్ వాళ్లది. కన్వల్ గ్రోవర్ 1988లో మొదలుపెట్టారు. ఇప్పుడు పేరు గ్రోవర్ జంపా. ఉన్నది దొడ్డబళ్లాపురం దగ్గర, దేవనహళ్లి వెళ్లే రోడ్డు వైపు. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, రాత్రిళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి ద్రాక్షలో పులుపు మిగులుతుంది. పులుపు లేని వైన్ చప్పటి పానకంలా ఉంటుందని అక్కడ టూర్ చేయించిన అబ్బాయి చెప్పాడు. నంది కొండ అక్కడికి ఇంకో ఇరవై, పాతిక కిలోమీటర్లు. అంటే "నంది హిల్స్ వైన్" అన్న మాట చూసి కొండ మీద గది తీసుకుంటే పప్పులో కాలేసినట్టే.

కొండ మీద దిగడం తప్పని కాదు. పైన కర్ణాటక టూరిజం వాళ్ల మయూర పైన్ టాప్, ప్రభుత్వ గెస్ట్ హౌసులు ఉన్నాయి. సూర్యోదయం కోసమే అయితే అవే మేలు. శని, ఆదివారాల్లో తెల్లవారకముందే కింద గేటు దగ్గర బళ్ల వరస కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది, మీరు మాత్రం పైన దుప్పటి కప్పుకుని ఉంటారు. కానీ వైన్ తాగి చీకట్లో ఆ ఘాట్ మలుపులు ఎక్కడం నాకైతే టెన్షన్. రెండూ కావాలంటే రెండు రాత్రులు పెట్టుకోండి, టేస్టింగ్ రాత్రి కింద, రెండో రాత్రి పైన.

దేవనహళ్లి వైపు, ఎయిర్‌పోర్టు చుట్టూ ఉన్న పెద్ద హోటళ్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఏ వేళకైనా క్యాబ్ దొరుకుతుంది, వంటిల్లు మూతపడదు, విమానాల చప్పుడు ఉంటుంది. హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలతో కలిసి వెళ్తే అదే సులువు. డబ్బుకి వెనకాడకపోతే నంది దారిలో గోల్ఫ్‌షైర్‌లో మారియట్ హోటల్ ఉంది.

నాకు నచ్చింది చిక్కబళ్లాపురం వైపు తోట ఇళ్లు. అక్కడ మొదటిసారి దిగినప్పుడు, వచ్చీరాని కన్నడలో "ఊట ఇద్యా?" (భోజనం ఉందా?) అని అడిగాను. ఆ ఇంటావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "తెలుగే మాట్లాడమ్మా, మా ఇండ్లల్లో అందరం తెలుగే" అంది. ఆ జిల్లాలో బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు వైపు ఎక్కడికి వెళ్లినా తెలుగు నడుస్తుంది. రాత్రికి రాగి సంగటి, బస్సారు పెట్టింది. ఆకుకూర, పప్పు ఉడికించిన నీళ్లు వంపి, మసాలా నూరి కాచే చారు అది. వైన్ సీసా సంగతి ముందే అడిగాను. "ఇంట్లో దేవుడున్నాడు, లోపల వద్దు. వెనకాల మామిడిచెట్టు కింద కూర్చోండి, నేను చూడను" అంది. మామిడిచెట్టు కింద ఎర్ర వైన్, బస్సారు. ఏ వైన్‌కి ఏ తిండో చెప్పే సొమెలియర్ ఎవరూ ఈ జత చెప్పరు, మా ఆయన మాత్రం రెండోసారి సంగటి అడిగాడు. దూరం ఎక్కువే, వైనరీ నుంచి ముప్పావు గంట. ఆ రోజు డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకున్నాం.

అయితే తోట ఇళ్లన్నీ ఇలా ఉండవు. కొన్నిచోట్ల మాంసం, మందు రెండూ నిషేధం. కొన్నిచోట్ల సీసా తెచ్చుకోవచ్చు గానీ ఫ్రిజ్ ఉండదు, స్టీలు గ్లాసులే ఉంటాయి. తెల్ల వైన్ కొనే ఆలోచన ఉంటే ఐసు దొరుకుతుందా అని అడగండి, మార్చిలో మరీనూ.

ఇప్పుడు ఆ కిటికీ సంగతి. 'వైన్‌యార్డ్ వ్యూ' అని గదికి రెండు వేలు ఎక్కువ వేస్తే, ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోండి. చలిదేశాల్లోలా మన దగ్గర ద్రాక్ష శీతాకాలంలో నిద్రపోదు. రైతులు ఏడాదికి రెండు కటింగులు చేస్తారు, వేసవిలో ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకొకటి. పంట ఇచ్చేది ఆ రెండోది. కటింగ్ అయిన కొన్నాళ్లు తోట నేను చూసినట్టే ఉంటుంది, పుల్లలు. డిసెంబరుకి ఆకు కమ్ముతుంది, జనవరిలో గుత్తులు రంగు తిరుగుతాయి, ఫిబ్రవరి, మార్చిల్లో కోత. కళ్లతో చూడాలంటే జనవరి చివర్నుంచి వెళ్లండి. చలి కూడా అప్పటికి ఓర్చుకునేలా ఉంటుంది.

ఇంకో తిరకాసు. ఫోటోలో ఉన్నది వైన్ ద్రాక్షే కాకపోవచ్చు. తలపైన పందిరిలా అల్లుకుని, కింద మనిషి నడిచేలా ఉంటే అది చాలావరకు తినే ద్రాక్ష. చిక్కబళ్లాపురం చుట్టూ బెంగళూరు బ్లూ, దిల్‌ఖుష్ అలాగే వేస్తారు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పేరు మోసిన అనాబ్-ఎ-షాహీ ఉందే, దాని నుంచి వచ్చిందే దిల్‌ఖుష్. వైన్ ద్రాక్ష నడుం ఎత్తులో, వరసల్లో, కంచె కట్టినట్టు ఉంటుంది. కోత రోజుల్లో వెళ్లినప్పుడు టూర్ అబ్బాయి ఒక గుత్తి చేతికిచ్చాడు. పండు రేగ్గాయంత కూడా లేదు. తోలు మందం, కొరికితే సగం గింజలే, నాలుక గరగరలాడింది. కానీ తీపిలో మాత్రం దీని ముందు మార్కెట్లో కొనే ద్రాక్ష దిగదుడుపు. ఆ తీపే పులిసి వైన్ అవుతుంది. పందిరి కింద మంచం వేసుకుని పడుకోవడమూ హాయే, కాకపోతే దానికి వైన్ పేరు చెప్పి డబ్బు గుంజితే ఇవ్వకండి.

ఇక ఫోన్. వెబ్‌సైట్‌లో కాదు, రిసెప్షన్‌కి చేయండి. "ఆ రోజు మీ దగ్గర పెళ్లి గానీ, కంపెనీ టీమ్ అవుటింగ్ గానీ ఉందా?" ఇది మొదటి ప్రశ్న. ఈ చుట్టుపక్కల రిసార్టులు బతికేదే వాటి మీద. ఒకసారి మా గది పక్కనే సంగీత్ పెట్టారు, పది దాకా డీజే. పది తర్వాత పాటలు ఆగాయి, వరుడి స్నేహితులు ఆగలేదు. రెండోది, రాత్రి వంటిల్లు ఎన్నింటికి మూస్తారు. టేస్టింగ్‌లో పెట్టే చీజ్ ముక్కలు, బిస్కెట్లతో కడుపు నిండదు. తొమ్మిదిన్నరకి మ్యాగీ కూడా లేదంటే ఏడుపొస్తుంది. మూడోది డ్రై డే, అంటే మందు అమ్మకూడని రోజు. అక్టోబరు 2 కలిసొచ్చిన లాంగ్ వీకెండ్ చూసి సంబరపడేవాళ్లు ఏటా ఉంటారు. ఎన్నికలప్పుడు కూడా కనుక్కోండి.

పెద్దవాళ్లు వెంట ఉంటే నంది ఊరి దగ్గర దిగడం మంచిది. భోగనందీశ్వర ఆలయం అక్కడే, విశ్వేశ్వరయ్య గారి ముద్దేనహళ్లి పక్కనే. మా అత్తయ్యకి నంది కొండకి వెళ్తున్నామనే చెప్పాం. అబద్ధం కాదు, ఆవిణ్ని గుడికి తీసుకెళ్లాం కూడా. మాది నెల్లూరు. పెన్నమ్మ పుట్టేది ఈ కొండల్లోనే అని చెబితే, ఆవిడ ఏమీ అనకుండా కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. మగవాళ్లు ఆ పూట వైనరీకి వెళ్లొచ్చారు. ఆ వైపు ఈషా వాళ్ల ఆదియోగి విగ్రహం 2023 జనవరిలో వచ్చినప్పటి నుంచి వారాంతాల్లో ట్రాఫిక్ పెరిగింది. చెకిన్ మధ్యాహ్నం రెండింటికే పెట్టుకోండి.

మీది కెంగేరి, రాజరాజేశ్వరి నగర్ వైపు అయితే హెబ్బాళ దాటి ఇంత దూరం రావడం ఎందుకు? మైసూరు రోడ్డులో చన్నపట్నం దగ్గర డొమైన్ సూలా అనే వైనరీ ఉంది. పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు, డ్రైవర్ ఉంటే చాలు, గది ఖర్చు లేదు.

చివరగా చెకౌట్. పదకొండు అంటే పదకొండుకే ఖాళీ చేయమంటారు. సీసాలు డిక్కీలో పెట్టి, గుడి చూసి, భోంచేసి మూడింటికి బయల్దేరితే మార్చి ఎండకి డిక్కీ పొయ్యిలా ఉంటుంది. ఒకసారి మా సీసా కార్క్ పైకి పొడుచుకొచ్చి, మా అమ్మాయి స్కూలు బ్యాగు ఎర్రగా తడిసింది. సీసాలు రిసెప్షన్‌లో ఏసీలో ఉంచుతారా అని బుకింగ్ అప్పుడే అడగండి. బయల్దేరే ముందు తీసుకుని, డిక్కీలో కాకుండా కాళ్ల దగ్గర పెట్టుకోండి.