వారానికొక సూది: నా డైరీలోని మూడు గళ్లు

షుగరుకు వారానికొక ఇంజెక్షన్ మొదలుపెడదామని డాక్టరు అన్న రోజే డైరీ వెనక పేజీలో మూడు నిలువు గళ్లు గీశాను: డులాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్. ఒక్కోదాని కింద గరిష్ఠ మోతాదు రాసి, పదిహేను మిల్లీగ్రాముల టిర్జెపటైడ్ అన్నిటికన్నా బలమైనదని తేల్చేశాను. అది ఉత్త తెలివితక్కువ లెక్క. ఒక మందు మిల్లీగ్రాములకూ మరో మందు మిల్లీగ్రాములకూ పోలికే లేదు. ఓజెంపిక్, వెగోవీ అనే బ్రాండ్లు రెండూ సెమాగ్లుటైడే కాబట్టి వాటికి వేరు గళ్లూ అక్కర్లేదు.

మీకు ఏది ముఖ్యమో పై వరుసలో రాయండి: షుగరా, బరువా, గుండె రక్షణా? షుగరును మూడూ తగ్గిస్తాయి. బరువు దగ్గర డులాగ్లుటైడ్ వెనకబడుతుంది. మధుమేహం లేని ఊబకాయులపై మిగతా రెండింటినీ నేరుగా పోల్చి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, 72 వారాలకు టిర్జెపటైడ్‌తో సగటున 20 శాతం, సెమాగ్లుటైడ్‌తో దాదాపు 14 శాతం బరువు తగ్గింది. షుగరు ఉన్నవాళ్లకు మామూలుగా ఇంత తగ్గదు. ఆ అంకెలను మీ గడిలోకి యథాతథంగా దించుకోకండి.

తర్వాతి వరుస, మొదటి నెల. సెమాగ్లుటైడ్ 0.25, టిర్జెపటైడ్ 2.5 మిల్లీగ్రాములతో నాలుగు వారాలు నడుస్తాయి. అది కడుపును అలవాటు చేయడానికే. వికారం, మలబద్ధకం ఎక్కువగా మోతాదు పెంచినప్పుడే వస్తాయి.

పెన్ను పట్టుకుని చూడండి. డులాగ్లుటైడ్ పెన్నులో సూది కనబడదు. చర్మానికి ఆనించి, తాళం తిప్పి, మీట నొక్కితే ఒక టక్కు. రెండో టక్కుకు ఐదు నుంచి పది సెకన్లు పడుతుంది. అంతదాకా తీయకూడదు. ఓజెంపిక్ పెన్నుకైతే ప్రతిసారీ కొత్త సూది బిగించాలి, అంకె సున్నాకు చేరాక ఆరు లెక్కపెట్టాలి. చేతులు వణికేవారికి ఈ తేడా చిన్నది కాదు.

మరిచిపోతే? సెమాగ్లుటైడ్‌కు ఐదు రోజులు, టిర్జెపటైడ్‌కు నాలుగు రోజుల గడువు. డులాగ్లుటైడ్ అయితే తర్వాతి మోతాదుకు కనీసం మూడు రోజులు మిగిలి ఉండాలి. గడువు దాటితే ఆ ఒక్క మోతాదును వదిలేయడమే.

అడ్డుగీత కింద డాక్టరుకు చెప్పవలసినవి: ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్‌లో ఒక రకం), మీకు పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు), కంటి రెటీనా జబ్బు, ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర వాడకం (ఈ సూదితో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు). టిర్జెపటైడ్‌తో గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గవచ్చు, అదీ రాయండి.

నా పేజీ చూసిన డాక్టరు గళ్ల జోలికి పోలేదు. వేలు నేరుగా గ్లిమెపిరైడ్ మీద పెట్టి, దాన్ని సగానికి తగ్గించాకే సూది రాశారు.