పాపాయితో మొదటిసారి దుబాయ్ వెళ్తున్నారా? చేతి సంచి ఇలా సర్దండి

ఎనిమిది నెలల మా పాపని దుబాయ్ తీసుకెళ్లినప్పుడు పెద్ద సూట్‌కేస్ కంటే చేతి సంచే ఆదుకుంది. పాపకి ఒక జత నూలు బట్టలు, రెండు డైపర్లు, చిన్న తువ్వాలు కలిపి ఒక జిప్ కవర్‌లో పెట్టండి. అలాంటివి మూడు సర్దండి. విమానంలో పాప కక్కితే ఒక కవర్ లాగితే చాలు, చీకట్లో సంచంతా వెతుక్కోనక్కర్లేదు. అమ్మకి కూడా ఒక కుర్తా పెట్టుకోండి, నా భుజమంతా పాలే అయ్యాయి.

చేతి సంచిలో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉన్నా, ప్రయాణానికి సరిపడా పాపాయి పాలు, ఆహారం తీసుకెళ్లనిస్తారు. చెకింగ్ దగ్గర మీరే ముందు బయటికి తీసి చూపించండి, టెన్షన్ ఉండదు.

ఎండకి మెడ కూడా కప్పే టోపీ, పొడుగు చేతుల పలుచని చొక్కా కావాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకి ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువున్న సన్‌స్క్రీన్ రాయండి, అంతకన్నా చిన్నవాళ్లని నీడలోనే ఉంచాలి. స్ట్రోలర్ మీద దుప్పటి మాత్రం అస్సలు కప్పకండి, గాలి ఆడక లోపల వేడెక్కిపోతుంది. మాల్స్‌లో ఏసీ చలికి స్వెటర్ ఒకటి. జ్వరం మందు డాక్టర్ చీటీతో సహా పెట్టుకోండి.